పదిహేనేళ్ళ హస్తవాసి

వియన్నా, 1923 ఏప్రిల్ మూడో వారం. బెర్గాసె వీధి 19వ నంబరు ఇంటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మీ ఇంటాయన ఈ రాత్రికి ఇక్కడే ఉండాల్సి వస్తుందేమో, కావలసిన బట్టలూ సామానూ తెచ్చివ్వండి అన్నారు. ఇంట్లోవాళ్ళు తెల్లబోయారు. ఆయన ఆసుపత్రికి వెళ్ళిన సంగతే వాళ్ళకి తెలియదు.

భార్య మార్తా, చిన్న కూతురు అన్నా ఉన్నపళంగా బయల్దేరారు. వాళ్ళు వెళ్ళేసరికి ముక్కు, గొంతు విభాగంలో వంటింట్లో వేసుకునేలాంటి మామూలు కుర్చీ మీద, బట్టలన్నీ రక్తమై కూర్చుని ఉన్నాడాయన. వయసు అరవై ఆరు. పేరు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనిషి మనసు లోతులు తవ్వి చూపించినవాడిగా అప్పటికే ప్రపంచమంతా పేరు. స్వయంగా డాక్టరు. చదువుకున్నదీ, ఉద్యోగం చేసిందీ అదే ఊళ్ళో.

నోట్లో, కుడివైపు అంగిట్లో ఉన్న చిన్న పుండు తీయించుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చనుకుని ఒంటరిగా వెళ్ళాడు. అనుకున్న దానికంటే ఎక్కువ రక్తం పోయింది. పడుకోబెడదామంటే ఆసుపత్రిలో ఖాళీ గది లేదు. చిన్న గదిలో ఒక మడతమంచం వేశారు. ఆ గదిలో అప్పటికే మరో రోగి ఉన్నాడు. మరుగుజ్జు, బుద్ధి ఎదగనివాడు.

మధ్యాహ్న భోజనాల వేళ బంధువులు ఉండకూడదని నర్సు తల్లీకూతుళ్ళని పంపేసింది. ఆయనకేం ఫరవాలేదు, వెళ్ళి రండి అంది. రెండు గంటలకి తిరిగొచ్చేసరికి గదంతా హడావిడి. వీళ్ళు లేని ఆ కాసేపట్లో గాయం నుంచి రక్తం ధారకట్టింది. ఫ్రాయిడ్ గంట నొక్కాడు. అది పనిచేయలేదు. నోటినిండా రక్తం, అరుద్దామంటే గొంతు పెగలలేదు. పక్క మంచం మీది మరుగుజ్జు అది చూసి బయటికి పరుగెత్తి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. చాలాసేపు తంటాలు పడితే గానీ రక్తం ఆగలేదు. ఆ పూట ఫ్రాయిడ్ ప్రాణం నిలిచిందంటే అది ఆ పేరు తెలియని మనిషి చలవ.

అన్నా ఇక కదలనంది. రాత్రంతా తండ్రి మంచం పక్కనే కూర్చుంది. మందుల మగతలో, నొప్పితో ఆయన నీరసించిపోతుంటే ఆమెకీ నర్సుకీ భయమేసి డ్యూటీ సర్జన్‌కి కబురు చేశారు. ఆయన నిద్ర లేచి రానన్నాడు. తెల్లవారాక, ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు విద్యార్థుల గుంపుని వెంటబెట్టుకొచ్చి ఈ కేసు ఇలాంటిది అని పాఠం చెప్పి, ఆ రోజే ఇంటికి పంపించేశాడు.

ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ ఈ సంఘటనని పూసగుచ్చినట్టు నమోదు చేశాడు. కింది దవడ ముందుకొచ్చిందనో, పై దవడ ఎత్తుగా ఉందనో, నములుతుంటే పళ్ళు కలవడం లేదనో దవడ సర్జరీకి సిద్ధమవుతున్న పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని చూసినప్పుడల్లా నాకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది. ఫ్రాయిడ్‌ది క్యాన్సరు, వీళ్ళది ఎముకల పొందిక. జబ్బు వేరు. కత్తి పట్టే చేతిని ఎంచుకునే దగ్గర మాత్రం ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే.

*

ఆ పెద్ద డాక్టరు పేరు మార్కస్ హాయెక్. వచ్చీరాని వైద్యుడేం కాదు. వియన్నా విశ్వవిద్యాలయంలో గొంతు వైద్య విభాగానికి అధిపతి. ముక్కు చుట్టూ ఉండే ఎముక గూళ్ళ జబ్బుల మీద యూరప్‌లో పేరు మోసినవాడు. ఫ్రాయిడ్‌కి తెలిసినవాడు. ఇంతకంటే ఏం కావాలి? మనమైనా ఇలాగే అనుకుంటాం. పెద్దాసుపత్రి, ప్రొఫెసరు, పైగా మనకి తెలిసినవాడు. మన ఇళ్ళలో సర్జన్ ఎంపిక దాదాపుగా ఈ మూడు మాటల్లోనే తేలిపోతుంది.

హాయెక్ చేతికి దవడ రోజువారీ పని కాదు. అంగిట్లో కోత పడ్డాక ఆ గాయం మానుతూ ముడుచుకుపోతుంది. ముడుచుకుంటే నోరు తెరుచుకోదు. అలా కాకుండా ముందే చూసుకోవాలి. ఆ జాగ్రత్తేదీ తీసుకోలేదని జోన్స్ రాశాడు. దాని ఫలితం ఫ్రాయిడ్ ఆ తర్వాత పదహారేళ్ళూ అనుభవించాడు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. తీసిన ముక్కలో క్యాన్సర్ ఉందని పరీక్షలో తేలింది. ఆ మాట ఫ్రాయిడ్‌కి ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందు, ఏప్రిల్ 7న, ఆయన సొంత వైద్యుడు ఫెలిక్స్ డాయిచ్ నోరు చూసినప్పుడే క్యాన్సరని గ్రహించాడు. పైకి మాత్రం సిగార్ల వల్ల వచ్చిన తెల్లమచ్చ, తీయించేస్తే సరిపోతుందన్నాడు. రోజుకి ఇరవై సిగార్ల దాకా కాల్చే మనిషి ఆ మాట నమ్మడానికి ఇబ్బందేమీ లేదు. నిజం తెలిస్తే తట్టుకోలేడేమో, ఏ అఘాయిత్యమైనా చేసుకుంటాడేమో అని డాయిచ్ భయం. ప్రేమతోనే దాచాడు. ప్రేమతో దాచినా రోగికి దక్కవలసిన ఆరు నెలలు పోయాయి.

ఎక్స్‌రే చికిత్స ఇచ్చారు, రేడియం పెట్టారు. నొప్పి పెరిగింది. జూన్ 19న నాలుగున్నరేళ్ళ మనవడు హైనెలె క్షయతో చనిపోయాడు. ఫ్రాయిడ్ కన్నీళ్ళు పెట్టుకోవడం అప్పుడు చూశారంటారు. వేసవి విడిదిలో ఉండగా డాయిచ్ వచ్చి నోరు చూశాడు. జబ్బు తిరగబెట్టిందని తెలిసిపోయింది. అయినా కూతురికి రోమ్ నగరం చూపించాలన్న ఆయన కోరికని ఆపలేక, నోరు విప్పలేదు. రోమ్‌కి వెళ్ళే రైల్లో ఫలహారం చేస్తుండగా ఫ్రాయిడ్ నోట్లోంచి ఉన్నట్టుండి రక్తం చిమ్మింది. ఎదురుగా అన్నా. దాని అర్థం ఏమిటో తండ్రీకూతుళ్ళిద్దరికీ తెలుసు. అయినా రోమ్ అంతా తిరిగి చూశారు.

డాయిచ్ దాచిపెట్టిన తప్పు చేశాడు గానీ, అదే సమయంలో ఒక మేలు కూడా చేశాడు. వాళ్ళు రోమ్‌లో ఉండగానే వియన్నాలో ఒక సర్జన్‌ని కలిసి ఈ కేసు మీరే చూడాలని మాట్లాడి పెట్టాడు.

*

ఆ సర్జన్ హాన్స్ పిచ్లర్. 1877లో పుట్టాడు. మొదట వియన్నాలో ఐసెల్స్‌బెర్గ్ అనే మహా సర్జన్ దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో చేతులు కడుక్కునే మందులు ఆయన చర్మానికి పడలేదు. చేతులు పుళ్ళుపడి సర్జరీ మానుకోవాల్సి వచ్చింది. అంతటితో ఊరుకోలేదు. అమెరికా వెళ్ళి, షికాగోలో ఆధునిక దంతవైద్యానికి పునాదులు వేసిన జి.వి. బ్లాక్ దగ్గర పళ్ళ వైద్యం చదివాడు. అలా ఒకే మనిషిలో సర్జనూ, పళ్ళ డాక్టరూ కలిశారు. దవడకి కావలసింది సరిగ్గా ఈ కలయికే. ఎముక కోయడం తెలిసి పళ్ళ కాటు తెలియకపోతే రోగి నమల్లేడు. కాటు తెలిసి రక్తనాళాలు తెలియకపోతే రోగి మిగలడు.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తుపాకి గుళ్ళకి, బాంబు ముక్కలకి దవడలు చితికిన సైనికుల్ని వియన్నాలో పిచ్లర్ వార్డుకి చేర్చేవాళ్ళు. నాలుగేళ్ళ పాటు దవడే ఆయన లోకం. విరిగినదాన్ని అతకడం, పోయినచోట ఎముక నాటడం, నాటడానికి వీల్లేనిచోట కట్టుడు దవడ అమర్చడం. ఫ్రాయిడ్ ఆయన కుర్చీలో కూర్చునే నాటికి ఆ చేతులకి ఆ పని కొట్టినపిండి.

సెప్టెంబరు 26న పిచ్లర్, హాయెక్ ఇద్దరూ కలిసి నోరు పరీక్షించారు. పుండు అంగిలి దాటి చెంపలోకి, కింది దవడ పైభాగంలోకి పాకింది. ఇక అనుమానానికి తావు లేదు. పెద్ద ఆపరేషన్ తప్పదన్నాడు పిచ్లర్. ఆ తర్వాత ఆయన పని చేసిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. కత్తి పట్టుకోవడానికి ముందు పళ్ళ మీద పనిచేశాడు. తీసేయబోయే భాగం పోయాక నోట్లో ఏం మిగులుతుంది, ఆ ఖాళీని ఏది మూస్తుంది, ఆ మూత ఏ పంటిని పట్టుకుని నిలబడుతుంది అని ముందే లెక్క వేసుకున్నాడు. మంచి దవడ సర్జన్ ఈనాటికీ ఆపరేషన్‌ని ఇలా చివరి నుంచి మొదటికి ఆలోచిస్తాడు.

అక్టోబరు 4న మొదటి అంచె. మెడ దగ్గర కోసి, ముఖానికి రక్తం తీసుకెళ్ళే ధమనిని కట్టేశాడు. దవడ కింది గ్రంథుల్ని తీసేశాడు. ముందు రక్తపు దారి మూసి, తర్వాతే అసలు పనికి దిగాలని. ఏప్రిల్లో మడతమంచం మీద రక్తం కక్కిన రోగికి ఈ జాగ్రత్త విలువ వేరే చెప్పక్కర్లేదు. వారం తర్వాత రెండో అంచె. పెదవి, చెంప చీల్చి తెరిచి, కుడివైపు పై దవడని, అంగిలిని, కింది దవడలో కొంత భాగాన్ని తీసేశాడు. నోరూ ముక్కూ ఒకటే గుహ అయిపోయాయి. ఇదంతా మత్తు సూదులతో ఆ చోట మాత్రమే తిమ్మిరెక్కించి చేసిందే. ఫ్రాయిడ్‌కి స్పృహ ఉంది.

నవంబరు వచ్చింది. ఇంటికి వెళ్ళి కోలుకుంటున్నాడు. పిచ్లర్‌కి ఒకచోట అనుమానం తగిలి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. అంచులో ఇంకా క్యాన్సర్ ఉందని వచ్చింది. చేసిన ఆపరేషన్‌లో కొంత మిగిలిపోయిందని రోగి మొహం మీద చెప్పడం ఏ సర్జన్‌కైనా కష్టం. పిచ్లర్ దాచలేదు. నేరుగా వెళ్ళి చెప్పాడు. ఆ రోజే, నవంబరు 12న, మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కించి ఆ మిగిలినదీ తీసేశాడు.

ఆ తర్వాత 1936 దాకా క్యాన్సర్ తిరిగి తలెత్తలేదు. పదమూడేళ్ళు. యాంటీబయాటిక్ అనే మాటే ఇంకా లేని కాలంలో.

*

ఆపరేషన్ అయిన రోజుతో సర్జన్ పని అయిపోలేదు. నోట్లోని ఆ పెద్ద ఖాళీని పూడ్చడానికి కట్టుడు పళ్ళతో పాటు పెద్ద మూతలాంటిది అమర్చారు. అది లేకపోతే మాట ముక్కులోంచి పోతుంది, అన్నం ముక్కులోకి వస్తుంది. ఉంటే ఒరుసుకుని పుళ్ళు. ఇంట్లోవాళ్ళు దాన్ని రాక్షసి అని పిలిచేవాళ్ళు. తీసి, శుభ్రం చేసి, మళ్ళీ పెట్టడం రోజూ ఒక యజ్ఞం. సరిగ్గా తెరుచుకోని నోట్లోకి అది దూరేది కాదు. ఒకసారి అరగంట పైగా తంటాలు పడ్డా లోపలికి పోక, అన్నా చివరికి పిచ్లర్‌నే పిలిపించింది. ఆయన వచ్చాడు. మార్చాడు, అరగదీశాడు, కొత్తది చేశాడు. మళ్ళీ మళ్ళీ.

మొదట్లోనే తండ్రీకూతుళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. సేవ చేసేటప్పుడు జాలి చూపించకూడదు, కన్నీళ్ళు పెట్టుకోకూడదు. నర్సు ఎలా చేస్తుందో అలా చేయాలి. అన్నా చివరి రోజు దాకా ఆ మాట తప్పలేదు. కుడి చెవి వినికిడి దెబ్బతింటే, రోగులు పడుకునే సోఫాని, తన కుర్చీని అటుదిటు మార్పించుకుని ఫ్రాయిడ్ పని సాగించాడు. 1926లో మన రవీంద్రనాథ్ ఠాగూర్ వియన్నా వెళ్ళినప్పుడు కలిసి మాట్లాడిన ఫ్రాయిడ్ ఈ మూతతో మాట్లాడిన ఫ్రాయిడే.

ఇక ఈ కథలో నేను అందరికీ చెప్పాలనుకునే ఘట్టం. 1931. అమెరికాలో హార్వర్డ్ ప్రొఫెసరు కజాంజియన్ యూరప్ వచ్చాడు. ఆర్మేనియా జాతివాడు. యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన వందలాది సైనికులకి కొత్త ముఖాలిచ్చిన మహానుభావుడని పేరు. ఆ పేరు అక్షరాలా నిజం. ఫ్రాయిడ్ అవస్థ చూడలేని అభిమానులు, వాళ్ళలో నెపోలియన్ వంశానికి చెందిన మేరీ బోనపార్ట్ కూడా ఉంది, ఆయన్ని బతిమాలి వియన్నా రప్పించారు. ఫీజు 6,000 డాలర్లు. ఆ రోజుల్లో అది కొండంత డబ్బు. పిచ్లర్ చిన్నబుచ్చుకోలేదు. తన వర్క్‌షాపులోనే చేసుకోమన్నాడు. మూడు వారాలకి కాస్త తక్కువ కాలం కజాంజియన్ కొత్త మూత తయారుచేసి, అమర్చి, వెళ్ళిపోయాడు.

అది కుదరలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ పుళ్ళు, మళ్ళీ నొప్పి, మళ్ళీ పిచ్లర్ తలుపు.

కజాంజియన్ పనితనంలో లోపం ఉందని నేననుకోను. నోరు రోజురోజుకీ మారుతుంది. మచ్చలు ముడుచుకుంటాయి, చిగుళ్ళు కుంచించుకుపోతాయి. ఇవాళ సరిపోయినది వచ్చే నెల సరిపోదు. అట్లాంటిక్ అవతలి నిపుణుడు వచ్చే నెల ఉండడు. పిచ్లర్ ఉన్నాడు. నోట్లో కొత్తగా తెల్లమచ్చ కనబడినప్పుడల్లా అది క్యాన్సరుగా మారకముందే తీసేసేవాడు. అలా చిన్నవీ పెద్దవీ కలిపి మొత్తం 33 ఆపరేషన్లు. ఫ్రాయిడ్ సిగార్లు మానలేదు. పిచ్లర్ రోగిని వదలలేదు. ప్రతి సందర్శనకీ ఆయన రాసుకున్న కేసు నోట్సుని జోన్స్ తన గ్రంథం మూడో సంపుటి చివర అచ్చువేశాడు. తేదీ, చూసింది, చేసింది. ఏళ్ళ తరబడి. వైద్యుడి నిబద్ధతకి అంతకంటే మంచి సాక్ష్యం నేను చదవలేదు.

నిజం దాచిన డాయిచ్ స్థానంలో ఫ్రాయిడ్ 1929లో మాక్స్ షూర్ అనే యువ వైద్యుణ్ణి పెట్టుకున్నాడు. పెట్టిన షరతులు రెండు. మొదటిది, ఎప్పుడూ నిజమే చెప్పాలి. రెండోది, సమయం వచ్చినప్పుడు అనవసరంగా బాధ పడనివ్వకూడదు. షూర్ రెండూ నిలబెట్టుకున్నాడు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదుడైన ఫ్రాయిడ్ జూన్ 4న కుటుంబంతో ఊరు విడిచి లండన్ చేరాడు. నెలలు తిరగకుండానే చెంప లోపల మళ్ళీ అనుమానం. లండన్‌లో గొప్ప సర్జన్లకి కొదవ లేదు. అయినా కబురు వియన్నాకే వెళ్ళింది. పిచ్లర్ విమానంలో వచ్చాడు. సెప్టెంబరు 8న, పదిహేనేళ్ళ క్రితంలాగే చెంప తెరిచి, రెండు గంటలకి పైగా ఆపరేషన్ చేసి మర్నాడు తిరిగి వెళ్ళాడు. అదే చివరిది. తర్వాతి బాధ్యత పిచ్లర్ దగ్గర పనిచేసి లండన్‌లో స్థిరపడిన ఎక్స్‌నర్ అనే సర్జన్ చూసుకున్నాడు. మరుసటి ఏడాది జబ్బు కత్తికి అందనంత దూరం పోయింది. 1939 సెప్టెంబరు 23న, ఎనభై మూడేళ్ళ వయసులో, ఫ్రాయిడ్ కన్నుమూశాడు. క్యాన్సర్ బయటపడ్డాక పదహారేళ్ళు బతికాడు. దాదాపు చివరి దాకా రోగుల్ని చూస్తూ, పుస్తకాలు రాస్తూ బతికాడు.

*

పిచ్లర్ 1949లో పోయాడు. ఆయన విద్య పోలేదు. శిష్యుడు రిచర్డ్ ట్రౌనర్‌తో కలిసి నోటి, దవడ శస్త్రచికిత్స మీద పెద్ద పాఠ్యగ్రంథం రాశాడు. ఆ ట్రౌనర్ దగ్గర గ్రాజ్ నగరంలో హ్యూగో ఓబ్‌వేగెసర్ అనే కుర్రాడు పని నేర్చుకున్నాడు. గురుశిష్యులిద్దరి పేరు మీద 1957లో ఒక వ్యాసం వచ్చింది. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో కింది దవడ సరిచేయించుకుంటున్న ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ దాదాపుగా చేసేది ఆ వ్యాసంలోని ఆపరేషన్నే. తర్వాత కొన్ని మార్పులు చేరాయి, అంతే.

అందులో కిటుకు ఏమిటంటే, దవడ ఎముకని అడ్డంగా నరకరు. చెవి కింద నిలువుగా ఉండే భాగాన్ని మందంలో, కందిగింజని బద్దలుగా విడదీసినట్టు, లోపలి పలక ఒకటి, బయటి పలక ఒకటిగా చీలుస్తారు. అంతా నోటి లోపలి నుంచే. మొహం మీద గాటు ఉండదు. అలా చీలిన పలకలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. దవడని ముందుకి తేవచ్చు, వెనక్కి నెట్టవచ్చు. ఎంత జరిపినా ఎముకకి ఎముక ఆనుకునే ఉంటుంది కాబట్టి అతుకుతుంది. ఇప్పుడైతే టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు.

ఆ రెండు పలకల మధ్యలోంచే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం వెళుతుంది. సర్జన్ ఉలి దాని పక్క నుంచే దిగాలి. ఎంత మంచి చేయి అయినా కొన్నాళ్ళు పెదవి తిమ్మిరిగా ఉండటం మామూలే. చాలామందికి నెలల్లో తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. ఎముక అనుకున్న గీత మీద చీలకుండా పక్కకి విరగడమూ ఉంది. విరిగినప్పుడు కంగారు పడకుండా అక్కడికక్కడే సరిదిద్దడం పుస్తకంలో దొరికే విద్య కాదు. పై దవడ సంగతి మరోటి. దాన్ని పుర్రె నుంచి విడదీసి కిందికి దించినప్పుడు అంగిటి కండని అంటిపెట్టుకున్న రక్తంతోనే ఆ ఎముక బతకాలి. ఇలాంటి పనిలో అలవాటు విలువ ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 1979లో అమెరికాలో హెరాల్డ్ లుఫ్ట్ బృందం 1,498 ఆసుపత్రుల్లో 12 రకాల ఆపరేషన్ల లెక్కలు తీస్తే, గుండె ఆపరేషన్ల వంటి కష్టమైనవాటిలో, ఎక్కువ చేసే చోట మరణాలు తక్కువని తేలింది. అందులో దవడ లేదు. అయినా పని ఎక్కడైనా పనే. రోజూ చేసే చేయి వేరు.

అందుకని దవడ సర్జరీకి వెళ్ళేవాళ్ళు హోర్డింగు చూసి, ప్యాకేజీ చూసి, ఈఎంఐ చూసి వెళ్ళవద్దు. మన దగ్గర ఈ విద్యకి ప్రత్యేకంగా చదువుంది. బీడీఎస్ మీద మూడేళ్ళు చదివే ఎండీఎస్‌లో ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ. ముందు ఆ డిగ్రీ ఉందో లేదో, డెంటల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. డిగ్రీ ఉన్నవాళ్ళందరూ ఈ ఆపరేషన్ తరచుగా చేయరు. కొందరి రోజులన్నీ జ్ఞానదంతాలతో, ప్రమాదాల్లో విరిగిన దవడలతో గడిచిపోతాయి. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. డాక్టరు గారూ, మా అమ్మాయికి చేయబోయే ఈ ఆపరేషనే మీరు నెలకి ఎన్ని చేస్తారు? పోయినేడాది ఎన్ని చేశారు? ఇలాంటి దవడే ఉన్న మీ పాత రోగులతో మాట్లాడిస్తారా? వాళ్ళలో పెదవి తిమ్మిరి ఎందరికి మిగిలింది? చెడిన కేసు ఒకటి చెప్పండి, దాన్ని ఎలా సరిదిద్దారు? నిజంగా పని తెలిసినవాడు ఈ చివరి ప్రశ్నకి నిదానంగా జవాబు చెబుతాడు. నాకు ఎప్పుడూ ఏమీ చెడలేదనేవాడు ఎక్కువ చేసి ఉండడు, లేదా నిజం చెప్పడం లేదు.

క్లిప్పులు వేసే డాక్టరూ, సర్జనూ కలిసి కూర్చుని మీ ఫోటోలు, ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చులు ముందుపెట్టుకుని ప్లాను వేశారా అని అడగండి. మామూలుగా ఆపరేషన్‌కి ముందు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు ఉంటాయి. ఆ తర్వాతా కొన్ని నెలలు ఉంటాయి. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే మధ్యలో నలిగేది మీరే. మత్తు ఇచ్చేదెవరు, ఐసీయూ ఉందా, రాత్రి పూట ఆ భవనంలో ఉండే డాక్టరు పేరేమిటి అన్నవి కూడా తెలుసుకోవలసినవే. ఆరు నెలల తర్వాత కాటు తేడా వస్తే చూసేది ఈయనేనా, వేరే ఊరి నుంచి వచ్చి ఆపరేషన్ చేసి వెళ్ళిపోయే మనిషా? ఖర్చు భయపెడితే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి దవడ సర్జరీ విభాగానికి ఒకసారి వెళ్ళి చూపించుకుని, ఆ ప్రొఫెసర్లని ఈ ప్రశ్నలే అడగండి.

పెళ్ళి కుదిరింది, మూడు నెలల్లో మొహం సరిచేసెయ్యండి అని డాక్టర్ల వెంటపడే తల్లిదండ్రులకి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను. ఆ తొందర పిల్ల ఒంటికి మంచిది కాదు. క్యాన్సర్ తరుముతుంటే ఫ్రాయిడ్‌కి వ్యవధి లేదు. పళ్ళ పొందిక కోసం చేసే దవడ సర్జరీలో మీకు కావలసినంత వ్యవధి ఉంది. ఎదుగుదల ఆగే వయసు దాకా ఎలాగూ ఆగాల్సిందే. ఆ లోపు ఇద్దరు ముగ్గురు సర్జన్లకి చూపించండి. ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకుంటాం అంటే నొచ్చుకునే డాక్టరు దగ్గర మాత్రం చేయించుకోకండి.